పదకొండు రోజులు మానేసి మళ్లీ ఎందుకు ముట్టించాను?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. పదహారేళ్లుగా సిగరెట్ తాగుతున్నాను, రోజుకి పదిహేను దాకా. నిద్ర లేచిన పది నిమిషాల్లో మొదటిది వెలగాల్సిందే. ఇప్పటికి మూడుసార్లు మానేశాను. రెండుసార్లు మూడో రోజే ఓడిపోయాను. ఈసారి 2 మి.గ్రా. నికొటిన్ గమ్ పెట్టుకుని పదకొండో రోజు దాకా లాక్కొచ్చాను. కానీ గమ్ నమిలితే ఎక్కిళ్లు, గుండెల్లో మంట. రోజుకి ఐదారుకి మించి నమల్లేకపోయాను. సిగరెట్ లోటు తెలియకుండా కాఫీ పెంచాను. నిద్ర పోయింది, చేతుల్లో వణుకు, ఇంట్లో అందరి మీదా అరుపులు. పదకొండో రోజు రాత్రి స్నేహితులతో మందు దగ్గర కూర్చున్నప్పుడు ‘ఒక్కటేగా’ అని ముట్టించాను. సిగరెట్టూ గమ్మూ రెండూ కలిస్తే ప్రమాదమని గమ్ పారేశాను. మర్నాడు పొద్దున్నే ప్యాకెట్ కొన్నాను. నాకు మనోబలం లేదంటారా? ఆ యావ వచ్చినప్పుడు అసలేం చెయ్యాలి?

సమాధానం: సగం కూడా పనిచెయ్యని మందుతో, పెరిగిన కాఫీతో, నిద్ర లేకుండా పదకొండు రోజులు నెగ్గుకొచ్చిన మనిషికి మనోబలం లేదని మేమైతే అనం. మీ ఉత్తరంలో మాకు కనిపించినవి నాలుగు పొరపాట్లు: గమ్ నమిలిన తీరు, కాఫీ పెంచడం, పదకొండో రోజు రాత్రి కూర్చున్న చోటు, ఆ తర్వాత గమ్ పారెయ్యడం. నాలుగూ దిద్దుకోదగ్గవే.

ముందు యావ గురించి. అది ఒకటి కాదు, రెండు. మొదటిది ఒంటిది. పీల్చిన పొగలోని నికొటిన్ పది ఇరవై సెకన్లలో మెదడుకి చేరుతుంది. రక్తంలోకి వచ్చినదాంట్లో సగం రెండు గంటల్లో ఖర్చయిపోతుంది. రాత్రంతా నిద్రలో ఆ నిల్వ అడుగంటుతుంది కాబట్టే లేచిన పది నిమిషాల్లో మీ చెయ్యి ప్యాకెట్ మీదకి పోతుంది. ఏళ్ల తరబడి తాగేవాళ్ల మెదడులో నికొటిన్‌ని పట్టుకునే గ్రాహకాలు మామూలు కంటే ఎక్కువగా పుట్టుకొస్తాయి. సరఫరా ఆగగానే అవన్నీ ఒక్కసారి అడగడం మొదలుపెడతాయి. చిరాకు, దిగులు, ఆకలి, దేని మీదా మనసు నిలవకపోవడం, నిద్ర పట్టకపోవడం అన్నీ దాని ఫలితమే. ఆఖరి సిగరెట్ తర్వాత కొద్ది గంటల్లో మొదలై, రెండో మూడో రోజుకి బాగా ముదిరి, రెండు నుంచి నాలుగు వారాల్లో సర్దుకుంటాయి. మీరు రెండుసార్లు మూడో రోజున ఓడిపోయారంటే, ఏరు నడిమధ్య దాకా ఈది వెనక్కి తిరిగారన్నమాట.

రెండోది అలవాటుది. దీనికి రక్తంలో నికొటిన్ ఎంత ఉందన్నదానితో పెద్దగా పని లేదు. కాఫీ కప్పు, భోజనం ముగిసిన క్షణం, ఫోన్ మోగడం, ఆఫీసు మెట్లు, ఫలానా స్నేహితుడి గొంతు, వీటిలో ఏదో ఒకటి తగిలితే చాలు, రాజుకుంటుంది. రోజుకి పదిహేను చొప్పున పదహారేళ్లంటే ఎనభై ఏడు వేల పైచిలుకు సిగరెట్లు. ప్రతిదానికీ పది దమ్ములు వేసుకోండి. చేతిని నోటి దగ్గరకి అన్నిసార్లు తీసుకెళ్లాక ఒళ్లు దాన్ని మర్చిపోవాలంటే టైం పడుతుంది మరి. పదకొండో రోజున మిమ్మల్ని పడగొట్టింది ప్రధానంగా ఇదే. ఒంటి యావకి మందుంది. అలవాటు యావకి చోటు మార్చడం, వేళ మార్చడం, ఓ ఐదు నిమిషాలు గడపడం తెలియాలి. ఒకదాని వైద్యం రెండోదానికి చేస్తే కుదరదు.

గమ్ సంగతికి వద్దాం. దీన్ని గమ్ అని పిలవడమే తప్పు, పేరు చూసి అందరూ మామూలు చూయింగ్ గమ్‌లా నమిలేస్తారు. దీంట్లో నికొటిన్ ఒంటికి ఎక్కేది కడుపు ద్వారా కాదు, బుగ్గ లోపలి పొర ద్వారా. గబగబా నమిలితే నికొటిన్ అంతా ఒక్కసారి లాలాజలంలోకి దిగి గొంతులోకి పోతుంది. మింగిన నికొటిన్‌లో చాలా భాగాన్ని కాలేయం మెదడుకి చేరకముందే విరిచేస్తుంది. మిగిలేవి మీరు రాసిన ఎక్కిళ్లు, గుండెల్లో మంట.

చెయ్యాల్సింది ఇలా. ముక్క నోట్లో వేసుకుని నెమ్మదిగా, పది పదిహేనుసార్లు నమలండి. నాలుక మీద మిరియం తగిలినట్టు ఘాటు గానీ చురుమని జివ్వుమనడం గానీ తెలియగానే ఆపేయండి. ఆ ముక్కని బుగ్గకీ చిగురుకీ మధ్య నొక్కి ఊరుకోండి. ఒక నిమిషానికి ఘాటు తగ్గిపోతుంది. మళ్లీ నాలుగైదుసార్లు నమిలి, ఈసారి రెండో బుగ్గ వైపు పెట్టండి. ఇలా అరగంట. నమిలే సమయం కంటే బుగ్గన ఉంచే సమయమే ఎక్కువ ఉండాలి. దవడ నొప్పెడుతోందంటే ఎక్కువ నములుతున్నట్టే లెక్క.

కాఫీ, పళ్లరసం, కూల్‌డ్రింకు లాంటివి తాగిన పదిహేను నిమిషాల దాకా గమ్ వేసుకోకండి, గమ్ నోట్లో ఉండగా ఏదీ తాగకండి. నికొటిన్ బుగ్గ పొర దాటాలంటే నోట్లో పులుపు ఉండకూడదు. అందుకోసం గమ్‌లోనే క్షారగుణం ఉన్న పదార్థం కలుపుతారు. ఒక్క గుక్క కాఫీ ఆ ఏర్పాటంతా చెడగొడుతుంది. మీరు కాఫీ తాగుతూ గమ్ నమిలి ఉంటే, సింకులో పోసిన మందుతో సమానం.

మోతాదు కూడా తక్కువే. నిద్ర లేచిన అరగంటలోపు మొదటిది ముట్టించే వాళ్లకి 4 మి.గ్రా. గమ్ సిఫారసు చేస్తారు, మీరు వాడింది 2. పైగా ఒక ముక్కలో ఉన్న నికొటిన్‌లో దాదాపు సగమే ఒంటికి ఎక్కుతుంది. గమ్ ఒక్కటే వాడేటప్పుడు మొదటి ఆరు వారాలూ గంటకో రెండు గంటలకో ఒకటి చొప్పున, రోజుకి కనీసం తొమ్మిది పడాలి, ఇరవై నాలుగు దాటకూడదు. ఏడో వారం నుంచి రెండు నుంచి నాలుగు గంటలకొకటి, పదో వారం నుంచి ఇంకా దూరం జరుపుతూ పన్నెండు వారాలకి ఆపేయడం. యావ ముదిరాక వేసుకుంటే లాభం తక్కువ, ఎందుకంటే సిగరెట్‌లా సెకన్లలో కాదు, నిమిషాల్లో పనిచేస్తుంది. గడియారం చూసి వేసుకోవాలి. కట్టుడు పళ్లున్నా, దవడ బాధ ఉన్నా గమ్ బదులు చప్పరించే లాజెంజి మేలు. దాన్ని అసలు నమలకూడదు.

(పక్కమాట: ఈ గమ్ స్వీడన్‌లో పుట్టింది. జలాంతర్గామిలో పొగ తాగడానికి వీల్లేక నావికులు నమిలే పొగాకుకి మారడం గమనించి, 1960ల చివర్లో ఈ ఆలోచన మొదలుపెట్టారు. అంటే పొగ లేకుండా నికొటిన్ ఒక్కటే ఇస్తే మనిషి నిలదొక్కుకుంటాడా అన్న ప్రశ్నకి జవాబుగా పుట్టిందే ఇది.)

అయితే మీ స్థాయి అలవాటుకి గమ్ ఒక్కటే కంటే ప్యాచ్ (చర్మం మీద అంటించే నికొటిన్ పట్టీ), గమ్ కలిపి వాడటం మంచిది. ప్యాచ్ రోజంతా అడుగున ఒక మట్టం నిలబెడుతుంది, పైన ఎగిసే అలకి గమ్. ఈ జోడీతో నిలబడేవాళ్లు ఏదో ఒక్కటే వాడిన వాళ్ల కంటే ఎక్కువని పరీక్షల్లో తేలింది. రోజుకి పది కంటే ఎక్కువ తాగేవాళ్లు 21 మి.గ్రా. ప్యాచ్‌తో మొదలుపెట్టి ఆరు వారాలు, తర్వాత 14 మి.గ్రా.ది రెండు వారాలు, 7 మి.గ్రా.ది రెండు వారాలు. పొద్దున లేవగానే భుజం పైనో ఛాతీ మీదో వెంట్రుకలు లేని, తడి లేని చర్మం మీద అంటించి అరచేత్తో పది సెకన్లు గట్టిగా నొక్కండి. రోజుకో చోటు, అదే చోటికి మళ్లీ వారం తర్వాతే. అంటించాక చేతులు కడుక్కోండి, వేళ్లకి అంటిన నికొటిన్ కంట్లో పడితే మండుతుంది. మొదట్లో కాస్త దురద, ఎరుపు మామూలే. దద్దుర్లు పాకితే తీసేసి డాక్టర్‌ని అడగండి. రాత్రి వింత కలలు వచ్చి నిద్ర చెడుతుంటే పడుకునే ముందు తీసేయవచ్చు, కాకపోతే పొద్దున యావ ముందుగా పలకరిస్తుంది. ప్యాచ్ పుంజుకోవడానికి కొన్ని గంటలు పడుతుంది కనుక ఆ పొద్దుటి గంటకి గమ్ దగ్గర పెట్టుకోండి. వాడేసిన ప్యాచ్‌లో కూడా నికొటిన్ మిగిలే ఉంటుంది. అంటుకునే వైపు లోపలికి మడిచి, పిల్లల చేతికి అందకుండా పడేయండి.

ఇది కూడా నికొటినేగా, ఒకటి పోయి ఇంకోటి పట్టుకోదా అని చాలామంది అడుగుతారు. వ్యసనం బలమంతా వేగంలో ఉంది. పది సెకన్లలో మెదడుని తాకేదానికీ గంటల మీద ఊరేదానికీ పోలికే లేదు. పైగా క్యాన్సర్, గుండెజబ్బు తెచ్చేవి ప్రధానంగా పొగలోని తారు, కార్బన్ మోనాక్సైడ్, వాటితోపాటు వచ్చే వేల రసాయనాలు. ప్యాచ్‌లో అవేవీ లేవు. ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు, గుండె లయ తప్పేవాళ్లు, గర్భిణులు మాత్రం డాక్టర్ చెప్పాకే వాడాలి.

ప్యాచ్, గమ్ జోడీ కూడా చాలకపోతే వరెనిక్లిన్ అనే మాత్ర ఉంది, డాక్టర్ చీటీ మీద. అదే గ్రాహకాలకి అతుక్కుని కొంచెం తృప్తినిస్తూ, సిగరెట్ తాగినా పెద్దగా మజా తెలియకుండా చేస్తుంది. మూడు రోజులు 0.5 మి.గ్రా. రోజుకోసారి, నాలుగు రోజులు రెండుసార్లు, ఎనిమిదో రోజు నుంచి 1 మి.గ్రా. రెండుసార్లు, మొత్తం పన్నెండు వారాలు. మానే రోజు మాత్ర మొదలుపెట్టిన వారానికి పెట్టుకుంటారు. కడుపులో తిప్పడం దీని ప్రధాన ఇబ్బంది. భోజనం తర్వాత, నిండు గ్లాసు నీళ్లతో వేసుకుంటే చాలామందికి తగ్గుతుంది. బుప్రోపియాన్ ఇంకొకటి, ఫిట్స్ వచ్చేవాళ్లకి అది పనికిరాదు.

ఇప్పుడు మీ చేతుల వణుకు. నికొటిన్ మానడం వల్ల వచ్చిందనుకున్నారు, కానీ కాఫీ పాత్ర చాలా ఉండి ఉంటుంది. పొగలోని కొన్ని రసాయనాలు కాలేయాన్ని రెచ్చగొట్టి కెఫీన్‌ని చకచకా విరగ్గొట్టిస్తాయి. పొగ ఆగాక ఆ వేగం వారం లోపే మామూలుకి దిగిపోతుంది. అప్పుడు అదే నాలుగు కప్పుల కాఫీ రక్తంలో రెట్టింపు కెఫీన్ నిలుపుతుంది. మీరేమో కప్పులు పెంచారు! గుండెదడ, వణుకు, నిద్రలేమి, చిటికెడు మాటకి అరుపులు, వీటిని చూసి ‘సిగరెట్ లేకపోతే నేనింతే’ అని తీర్మానించుకున్నారు. మానే రోజు నుంచే కాఫీ సగానికి కోసేయండి, మధ్యాహ్నం తర్వాత అసలు వద్దు. ఒక్కసారిగా పూర్తిగా ఆపకండి, దానికి తలనొప్పి వేరే వస్తుంది. ఇదే కారణంగా కొన్ని మందుల మోతాదు కూడా మార్చాల్సి వస్తుంది: ఉబ్బసానికి వాడే థియోఫిలిన్, మానసిక వైద్యంలో వాడే క్లోజపిన్, ఒలాంజపిన్. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు కూడా షుగర్ తరచుగా చూసుకోవాలి. ఇవి వాడుతుంటే మానబోయే తేదీ డాక్టర్‌కి ముందే చెప్పండి.

ఇక యావ వచ్చినప్పుడు ఏం చెయ్యాలని మీరడిగిన ఆ ఐదు నిమిషాలు. లాగుడు ఒక్కొక్కటి సాధారణంగా ఐదు, మహా అయితే పది నిమిషాలు. సిగరెట్ తాగితేనే పోతుందనుకుంటారు గానీ, తాగకపోయినా పోతుంది. దీన్ని నమ్మనక్కర్లేదు, ఒకసారి వాచీ పెట్టుకుని చూడండి. పొద్దుటి కాఫీనే తీసుకుందాం. ఇన్నాళ్లూ బాల్కనీలో, నిలబడి, కుడిచేత్తో సిగరెట్, ఎడమచేత్తో కప్పు అనుకోండి. రేపటి నుంచి కాఫీ లేచిన వెంటనే కాదు, స్నానం అయ్యాక. బాల్కనీలో కాదు, వంటింట్లో కూర్చుని. కప్పు కుడిచేతిలోకి మారాలి, వీలైతే కప్పే మారాలి. అప్పటికీ మూడో గుక్కకి ప్రాణం లాగుతుంది. కప్పు కిందపెట్టి టైం చూడండి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, పెదాలు సన్నగా చేసి ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి, పదిసార్లు. దమ్ము కొట్టినప్పుడు వచ్చే హాయిలో కొంత వాటా ఈ దీర్ఘశ్వాసదే, ఎవరూ గమనించరు గానీ. తర్వాత చల్లటి నీళ్లు గ్లాసుడు, చిన్న చిన్న గుక్కలుగా. తర్వాత ఆ గది వదిలి నడవండి, పై అంతస్తుకి మెట్లెక్కి దిగినా చాలు. తిరిగొచ్చి వాచీ చూడండి. తీవ్రత సగానికి పడిపోయి ఉంటుంది. పోనందుకు బాధపడకండి, పూర్తిగా పోవడం మన లక్ష్యం కాదు, ముట్టించకుండా దాటడమే.

భోజనం తర్వాతి లాగుడికి మేం చెప్పే చిట్కా ఒకటే: చెయ్యి కడుక్కున్న వెంటనే పళ్లు తోముకోండి. పేస్టు రుచి మీద సిగరెట్ బాగుండదు. పనిలో ఉన్నప్పుడైతే చేతికి ఏదో ఒకటి, పెన్నో రబ్బరు బ్యాండో. నవ్వులాటగా అనిపించినా ఖాళీ చేతి గొడవ నిజం.

మానే తేదీ పది రోజుల దూరంలో పెట్టుకోండి. ఈలోగా ఒక చీటీ మడిచి ప్యాకెట్‌కి రబ్బరు బ్యాండ్‌తో కట్టండి. సిగరెట్ తీసేముందు టైం, చోటు, పక్కన ఎవరున్నారు, ఎంత అవసరమనిపించిందో ఒకటి నుంచి ఐదు లోపు అంకె వేసి రాయండి. వారం తిరిగేసరికి పదిహేనిట్లో ఐదింటికే ఐదు అంకె పడిందని, మిగతావి చెయ్యి ఊరికే వెలిగించినవని కనబడే అవకాశం ఎక్కువ. ఆ ఐదింటికి ముందే ప్లాన్ రాసుకోండి, మిగతావి వాటంతటవే రాలతాయి. మందు సాయం లేకుండా రోజుకి ఒకటీ రెండూ తగ్గించుకుంటూ పోదామనుకోకండి. తగ్గించినకొద్దీ మిగిలిన వాటిని ఇంకా లోతుగా, చివరి దాకా పీలుస్తారు. ఒంటికి చేరే నికొటిన్ మీరనుకున్నంత తగ్గదు. పైగా ఆ మిగిలిన ఐదూ బంగారమై కూర్చుంటాయి.

మందు సిట్టింగుల విషయంలో మేం మొహమాటపడం: మొదటి నెల వెళ్లకండి. మద్యం రెండు పనులు చేస్తుంది, పాత జ్ఞాపకాన్ని లేపుతుంది, ‘వద్దు’ అనే గొంతుని నొక్కేస్తుంది. తప్పనిసరైతే మద్యం ముట్టకుండా, పొగతాగేవాళ్లు బయటికి లేచినప్పుడు వాళ్ల వెంట లేవకుండా కూర్చోండి. సిగరెట్ అందిస్తే ‘మానేద్దామనుకుంటున్నా’ అనకండి, ఆ మాటకి ఎదుటివాడు బేరం మొదలుపెడతాడు. ‘నేను తాగను’ అంటే బేరానికి చోటుండదు.

అయినా ఒకటి ముట్టించేశారనుకోండి. ఇక్కడే మీరు పోయినసారి దారి తప్పారు. ప్యాచ్, గమ్ వాడుతూ ఒక సిగరెట్ తాగితే ప్రాణాపాయం ఏమీ లేదు. కడుపులో తిప్పడం, తలతిరగడం, గుండె దడదడలాడటం ఉంటే నికొటిన్ ఎక్కువైందని అర్థం, మోతాదు తగ్గించుకోవాలి, అంతే. ఒక సిగరెట్ తాగినందుకు మందు పారేస్తే రెండోదానికి తలుపు తీసినట్టే. అసలు నష్టం రాత్రి తాగిన ఆ ఒక్కదాంతో జరగలేదు, పొద్దున కొన్న ప్యాకెట్‌తో జరిగింది. జారితే చేతిలో మిగిలినవి అక్కడే నీళ్లలో ముంచి, మర్నాడు ప్యాచ్ యథావిధిగా అంటించి, ఎక్కడ జారారో ఆ చీటీ మీదే రాయండి.

మొదటి వారాల్లో భయపెట్టేవి ఇంకొన్ని. దగ్గు పెరగవచ్చు. పొగకి మూర్ఛపోయిన శ్వాసనాళాల్లోని సన్నని నూగు మళ్లీ కదిలి కఫాన్ని పైకి తోయడం మొదలుపెడుతుంది, కొన్ని వారాల్లో తగ్గుతుంది. రక్తం పడినా, అంతకంటే ఎక్కువ రోజులున్నా చూపించుకోవాలి. నోటిపూత, మలబద్ధకం కొందరికి వస్తాయి. నికొటిన్ పేగుల్ని కదిలిస్తూ ఉండేది, అది ఆగింది, నీళ్లూ పీచూ పెంచండి. ఏడాదిలో సగటున నాలుగైదు కిలోలు పెరుగుతారు. మొదటి రెండు నెలలూ బరువు తగ్గించే ప్రయత్నం పెట్టుకోకండి, రెండు యుద్ధాలు ఒకేసారి గెలవడం కష్టం. దిగులు మాత్రం రెండు వారాలు దాటినా వదలకపోతే, బతకాలనిపించకపోతే ఆగకుండా డాక్టర్ దగ్గరకి వెళ్లండి. ఇదివరకు డిప్రెషన్ ఉన్నవాళ్లు ముందే చెప్పి ఉంచడం మంచిది.

ఇంట్లోవాళ్లకి క్షమాపణ ముందే చెప్పుకోండి, తేదీలతో సహా: ‘ఫలానా రోజు మానేస్తున్నా, రెండో రోజూ మూడో రోజూ నన్ను పట్టించుకోకండి, నెల లోపు మామూలు మనిషినవుతా’ అని. ఎప్పటిదాకా భరించాలో తెలిస్తే వాళ్లకీ తేలిక. తాగావా అని వాసన చూడటం, నిఘా పెట్టడం మాత్రం వద్దనండి.

ముందు రోజు సాయంత్రం ఇల్లు గాలించండి. లైటర్లు, యాష్‌ట్రేలు, చలికోటు జేబులో మర్చిపోయిన సగం ప్యాకెట్, కారు డాష్‌బోర్డు, ఆఫీసు సొరుగు. ‘అత్యవసరానికి ఒకటి’ అని దాచుకునేది ముందు పోవాలి, నిద్ర రాని రాత్రి మీ కాళ్లు వెతుక్కుంటూ వెళ్లేది దాని దగ్గరికే. ప్యాచ్ ఒకటి, గమ్ ముక్కలు రెండు మంచం పక్కన పెట్టుకుని పడుకోండి.